పెస్కరేనికో రేవులో గ్రీజో

తాళం చేతికిచ్చే ముందు ఆయన ఒక షరతు పెట్టారు. పేరు వెనక కథ విన్నాకే బండి ఎక్కాలి.

2018 సెప్టెంబరు. ఉత్తర ఇటలీలో, కోమో సరస్సు కొసన ఉన్న లెక్కో అనే ఊరు. మా మేనల్లుడు అక్కడ మిలాన్ పాలిటెక్నిక్ వాళ్ల క్యాంపస్‌లో సివిల్ ఇంజనీరింగ్ పైచదువు చదువుతున్నాడు. వరదలు, కొండచరియలు, భూకంపాల నుంచి కట్టడాలను కాపాడుకునే విద్య. పాలిటెక్నిక్ అనగానే మా చుట్టాల్లో సగం మంది "బీటెక్ చేసి మళ్లీ డిప్లొమా ఏంట్రా?" అన్నారు. వాళ్లకి సమాధానం చెప్పలేక మా అక్క ఇప్పటికీ తంటాలు పడుతూనే ఉంది.

వాడు అద్దెకుంటున్న ఇంటాయన డెబ్బై దాటిన మనిషి. ఇనప తీగ లాగే కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. లెక్కో ఇనుముకు పేరుపడ్డ ఊరు. ఆయన గ్యారేజీలో కారు లేదు. రెండు మోటారు సైకిళ్లున్నాయి, రెండూ మోటో గుట్సీ కంపెనీవే. ఒకటి పాత వీ7. రెండోది, బొంత లాంటి గుడ్డ కప్పుకుని మూల నిలబడ్డది, గ్రీజో 1200. ఈ పేరు మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు మా బావ "గ్రీజా? గ్రీజు డబ్బా పేరు బండికి పెట్టారా?" అన్నాడు. మన చెవికి అలాగే పడుతుంది మరి.

నేను కాలేజీ రోజుల్లో యెజ్డీ రోడ్‌కింగ్ తోలానని, ఇప్పుడు బుల్లెట్ తోలుతున్నానని మావాడు ఆయనకు ముందే ఎక్కించి పెట్టాడు. ఇంటర్నేషనల్ పర్మిట్ చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అది పక్కన పెట్టి, నా అరచేతులు చూశారు. ఏం కనిపించిందో తెలీదు. "సరే, ముందు భోంచేద్దాం" అన్నారు.

భోజనంలో మొక్కజొన్న పిండితో చేసిన పొలెంటా, దాని మీద మిస్సోల్తిని. సరస్సులో దొరికే అగోనె అనే చేపను ఉప్పులో ఊరేసి, ఎండలో ఆరేసి, డబ్బాల్లో అదిమి నిలవ చేస్తారు. నిప్పుల మీద కాల్చి సిర్కా చల్లి పెడతారు. నేను నోట్లో పెట్టుకుని మావాడి వంక చూశాను. వాడు నవ్వాడు. "అవును మావయ్యా. సంకటి, ఎండుచేప. ఇక్కడికొచ్చాక ఇల్లు గుర్తొచ్చిన మొదటి రోజు ఇదే."

ఆ భోజనం దగ్గరే కథ విన్నాను. ఆయన ఇటాలియన్‌లో చెప్పడం, మావాడు తెలుగు చెయ్యడం.

అలెస్సాండ్రో మంజోనీ రాసిన 'ఇ ప్రొమెస్సి స్పోజి' అనే నవల మొదట 1827లో వచ్చింది. తర్వాత భాషంతా తిరగరాసి 1840-42 మధ్య మళ్లీ అచ్చువేశాడు. ఇటలీలో బడికెళ్లిన ప్రతి పిల్లవాడూ చదవక తప్పని పుస్తకం. మంజోనీ పోయిన ఏడాదికి, 1874లో, సంగీతకారుడు వెర్దీ తన రెక్వియెమ్‌ను ఆయన జ్ఞాపకార్థమే వినిపించాడు. అంతటి మనిషి. కథ జరిగేది ఈ లెక్కో చుట్టుపక్కలే, 1628లో మొదలవుతుంది. రెంజో, లుచియా అనే ఇద్దరు పేదవాళ్లకు పెళ్లి కుదిరింది. ఊరి దొర దోన్ రొద్రీగో కన్ను పెళ్లికూతురి మీద పడింది. అతని మనుషులిద్దరు దారికాచి, పెళ్లి చెయ్యాల్సిన గురువును బెదిరిస్తారు. ఆ గురువు పిరికివాడు, పెళ్లి ఆపేస్తాడు.

ఆ దారికాచే మనుషుల్ని 'బ్రావీ' అంటారు. ఈనాటి ఇటాలియన్‌లో బ్రావో అంటే శభాష్. ఆ కాలపు లొంబార్డీలో బ్రావో అంటే దొర దగ్గర జీతానికుండే గూండా. రొద్రీగో గూండాల ముఠా నాయకుడి పేరు గ్రీజో.

"అంటే విలన్ కూడా కాదు. విలన్ అనుచరుడి పేరు" అన్నాను. మన వాళ్లయితే బండికి మారీచ్ అని పేరు పెడతారా?

ఆయన భుజాలెగరేశారు. "ఈ ఒడ్డు మీద తయారైన బండికి ఈ ఒడ్డు మనిషి పేరు. పైగా మొహం చూడు, పెళ్లికొడుకులా ఉందా?"

లేదు. గుడ్డ తీసేసరికి కనిపించిన ఆ మొహం ఏ పెళ్లికీ పనికొచ్చేది కాదు. ముందు ఒక గుండ్రటి లైటు. దాని వెనక వెడల్పాటి హ్యాండిల్. ట్యాంకుకి రెండు పక్కలా మోచేయంత లావున్న స్టీలు గొట్టాలు, ముందు నుంచి వెనక్కి వంపు తిరిగి వెళ్తున్నాయి. అదే ఛాసిస్. ఇతర బళ్లలో ప్లాస్టిక్ కింద దాక్కునే ఎముక ఇక్కడ చర్మం మీదే ఉంది. ఆ గొట్టాల కింద నుంచి రెండు సిలిండర్లు అటొకటి ఇటొకటి, బజ్జీల బండి దగ్గర మోచేతులు చాచి దారి చేసుకునేవాడిలా, బయటికి పొడుచుకొచ్చాయి. సైలెన్సర్ చివర రెండు నోళ్లు ఒకదానికొకటి అతుక్కుని 8 అంకెలా ఉన్నాయి. ఇంజనుకు ఎనిమిది వాల్వులు. ఆ సంగతి వెనకొచ్చేవాడికి కూడా తెలియాలన్న పట్టుదల కాబోలు.

గాలి అడ్డుకునే అద్దం లేదు, తొడుగు లేదు. ఈ రకం బళ్లనే రోడ్‌స్టర్లంటారు. 1993లో డుకాటీ మాన్‌స్టర్ వచ్చాక ఇటలీలో ఇలా ఒళ్లు కప్పుకోని బళ్లకు గిరాకీ పెరిగింది. ఎంవీ అగుస్తా బ్రూతాలే, అప్రిలియా ట్యూనో అన్నీ ఆ వరసలోవే. వాటిలో చాలా వరకు రేసు బండి చొక్కా విప్పినట్టుంటాయి. గ్రీజో ఆ వంశం కాదు. రేసులతో సంబంధం లేని ఇంజను, పొడుగాటి ఒళ్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 1554 మిల్లీమీటర్లు. 2005లో 1100గా మొదలైంది, 2007లో 1200 ఎనిమిది వాల్వులది వచ్చింది. నేను చూసేనాటికి తయారీ ఆగిపోయింది.

మన వాళ్లడిగే లెక్కలు ముందే చెప్పేస్తాను. 1151 సీసీ. 7500 ఆర్‌పీఎమ్ దగ్గర 110 గుర్రాల శక్తి. 6400 దగ్గర 108 న్యూటన్ మీటర్ల టార్క్. మనకు తెలిసిన 350 బుల్లెట్ 20 గుర్రాలు, 28 న్యూటన్ మీటర్ల లోపు. అంటే టార్క్‌లో నాలుగు బుల్లెట్లు ఒకే తాడుకి కట్టి లాగినట్టు. పెట్రోలు పోయకుండానే 220 కిలోల పైన. ఈ లెక్కలు రాసుకున్నాక బండి ఎక్కాను, దిగేసరికి ఒక్కటీ పనికిరాలేదు.

తాళం తిప్పి బటన్ నొక్కగానే బండి ఒక్కసారి ఒళ్లు విదిలించింది. రెండు పెద్ద పిస్టన్లు దడ్... దడ్... అని, తొందరేం లేదన్నట్టు. ఆయన నా కుడిచేతి మీద చెయ్యేసి యాక్సిలరేటర్ కొంచెం తిప్పించారు. నిలబడ్డ చోటే బండి మొత్తం కుడివైపుకి తూలింది. నేను కంగారుగా కాలు బిగించాను. మావాడూ ఆయనా పడీపడీ నవ్వారు. కొత్తవాళ్లందరికీ చేసే పరీక్షట.

దాని కిటుకు కష్టమేం కాదు. మామూలు బళ్లలో క్రాంక్ షాఫ్ట్ అడ్డంగా, చక్రాల ఇరుసుకు సమాంతరంగా పడుకుంటుంది. గుట్సీలో అది బండి పొడవునా, నిలువుగా ఉంటుంది. ఇంజను వేగం అందుకునే క్షణంలో క్రాంకు ఒకవైపు తిరిగితే బండి ఒళ్లు రెండోవైపుకి తోసుకుంటుంది. పొలంలో మోటారు ఆన్ చెయ్యగానే అది ఒక్క కుదుపుతో ఉలిక్కిపడ్డం మనం చూసిందే. గేరు పడి రోడ్డెక్కాక ఈ తూలుడు చేతికి తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగి ఒకసారి రైజ్ చేస్తే మాత్రం మళ్లీ భుజం ఎగరేస్తుంది.

అలా పెట్టినందుకు లాభాలూ ఉన్నాయి. రెండు సిలిండర్లూ ఎదురుగాలికి బయటుంటాయి, చల్లబడతాయి. రెంటి మధ్య 90 డిగ్రీల కోణం ఉండడంతో ఒక పిస్టన్ అదురును రెండోది చాలామట్టుకు మింగేస్తుంది. ఇంజను నుంచి వచ్చే తిప్పుడు తిన్నగా వెనక్కి ఇనప షాఫ్టు మీదే వెళ్తుంది. చెయిన్ లేదు, స్ప్రాకెట్ లేదు. యెజ్డీ చెయిన్ ఊడి ఒంగోలు బైపాస్ మీద ఎండలో కూర్చున్నవాడిని కాబట్టి నాకు ఈ ఒక్క సంగతికే కళ్లు చెమర్చాయి. షాఫ్టు బండ్లకు ఒక పాత జబ్బుంది, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వెనకభాగం పైకి లేస్తుంది. గుట్సీ వాళ్లు దానికి మందుగా వేసిన ఏర్పాటుకు కార్డానో రియట్టివో కాంపాట్టో అని పేరు. కార్క్ అంటారు. వెనక చక్రం ఒంటి చేతి మీద నిలుస్తుంది, రెండో వైపు ఖాళీ.

బయల్దేరేసరికి రెండు దాటింది. ముందు ఆయన వీ7, వెనక సీట్లో మావాడు. వెనక నేను.

లెక్కో నుంచి ఉత్తరానికి రెండు దార్లు. ఒకటి సొరంగాల గుండా పోయే పెద్ద రోడ్డు, రెండోది సరస్సు అంచు పట్టుకుని ఊళ్ల మధ్య నుంచి వంకర్లు పోయే పాత రోడ్డు. మాది పాతది. ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క గ్రీన్యా కొండలు, సున్నపురాయి తెల్లటి గోడలు, 2410 మీటర్ల దాకా. వెనక్కి చూస్తే రంపం పళ్లలా రెజెగోనె. ఊరికీ కొండకీ మధ్య రోడ్డు మాత్రమే పట్టే జాగా.

మొదటి పది నిమిషాలూ నేను బండిని తోలుతున్నానని అనుకున్నాను. రెండో గేరులో 2500 దగ్గర కాస్త ఇచ్చానంతే, నడుం పట్టుకుని ఎవరో ముందుకు తోసినట్టయింది. అరుపు లేదు, ముందు చక్రం లేవడం లేదు. బరువైన మనిషి నెమ్మదిగా లేచి నిలబడితే గదిలో మిగతావాళ్లు ఎలా జరుగుతారో, దారి అలా జరిగింది. బుల్లెట్‌లో కూడా కింది గేరు లాగుడు ఉంది గానీ అది అరవై దాటాక ఆయాసపడుతుంది. ఇది ఆయాసపడదు. అయిదు వేలు దాటాక గొంతు మారుతుంది, దడదడ పోయి ఒకటే బొంగురు రాగం, అప్పుడు నిజంగానే పరుగెడుతుంది. అయితే ఆ అయిదు వేలు ఈ రోడ్డు మీద చూడాలంటే జేబులో డబ్బుండాలి. ఊళ్లలో హద్దు 50, ఊరి బయట ఎక్కువలో ఎక్కువ 90. అడుగడుగునా కెమెరాలు. 110 గుర్రాల్లో నలభై నేను వాడుంటానా అన్నది అనుమానమే. మిగతావి కట్టేసి ఉన్నా వాటి కదలిక కింద తెలుస్తూనే ఉంది.

వంపుల దగ్గర అసలు స్వభావం బయటపడింది. పొడుగు బండి కదా, చిన్న బళ్లలా చిటికె వేస్తే వంగదు. ముందుగా చెప్పాలి. వంపుకి ముందే చూపు తిప్పి, వెడల్పాటి హ్యాండిల్ మీద లోపలివైపు చెయ్యి నొక్కి, మాట ఇవ్వాలి. ఒకసారి మాట ఇచ్చాక గీత గీసినట్టు పోతుంది, మధ్యలో ఏ గుంటొచ్చినా లెక్క చెయ్యదు. మధ్యలో మనం మనసు మార్చుకుంటే మాత్రం ఒప్పుకోదు. రెండు వంపుల్లో నేను మార్చుకున్నాను. రెండుసార్లూ ఎదుటి లేను తెల్లగీత దాకా తీసుకెళ్లి చూపించి వెనక్కి తెచ్చింది. ఆ తర్వాత నేను బుద్ధిగా ఉన్నాను. బ్రేకులు బ్రెంబో, ముందు 320 మిల్లీమీటర్ల డిస్కులు రెండు. రెండు వేళ్లు చాలు.

ఇటాలియన్‌లో మనలాగే నువ్వు, మీరు వేరువేరు. లెక్కో కుర్రాళ్లు స్కూటర్‌ని నువ్వంటారు. ఈ బండిని మీరనాల్సిందే అని నాకనిపించింది. మావాడికి చెబితే ఇంటాయనకి తెలుగు నుంచి మార్చి చెప్పాడు. ఆయన హెల్మెట్ అద్దం ఎత్తి, "ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత నువ్వనొచ్చు" అన్నారు.

మాండెల్లో దెల్ లారియో లెక్కోకి పది కిలోమీటర్లు. రైలు స్టేషను పక్కనే పారోదీ వీధి, ఆ వీధి పొడవునా గుట్సీ ఫ్యాక్టరీ, ఎర్రటి గేటు. మ్యూజియం అప్పట్లో మధ్యాహ్నం కాసేపే తెరిచేవారు, దానికోసమే మా భోజనం ముందుకు జరిగింది. లోపల మెట్లు, పాత నేల, నూనె వాసన. వరసలు వరసలుగా బళ్లు, పెద్దగా అలంకరణ లేదు. నాకు నచ్చింది.

కథ మొదటి ప్రపంచ యుద్ధంలో మొదలవుతుంది. కార్లో గుట్సీ మెకానిక్, జార్జో పారోదీ, జొవాన్నీ రవెల్లీ పైలట్లు. యుద్ధం అయ్యాక ముగ్గురూ కలిసి మోటారు సైకిళ్లు చేద్దామనుకున్నారు. గుట్సీ తయారు చెయ్యాలి, డబ్బున్న ఇంటి పారోదీ పెట్టుబడి తేవాలి, అప్పటికే రేసుల్లో పేరున్న రవెల్లీ తోలి గెలిపించాలి. 1919లో రవెల్లీ విమాన ప్రమాదంలో పోయాడు. మిగిలిన ఇద్దరూ 1921 మార్చి 15న జెనోవాలో కంపెనీ పెట్టారు, ట్యాంకు మీద రవెల్లీ గుర్తుగా రెక్కలు చాచిన గద్దను వేశారు. అదే ఇప్పటికీ ఉంది. తొలి నమూనా మీద ఇద్దరి పేర్లూ కలిపి జీపీ అని ఉంటుంది. పారోదీ ఇంటిపేరు మనకొద్దనుకున్నాడో ఏమో, కంపెనీకి గుట్సీ పేరే నిలిచింది.

ఒక మూల 1928 నాటి బండి ముందు ఆయన ఆగారు. కార్లో అన్న జుసెప్పె, వెనక చక్రానికి స్ప్రింగులు పెడితే దూర ప్రయాణం హాయిగా ఉంటుందని అన్నాడు, ఎవరూ నమ్మలేదు. దాన్ని తోలుకుంటూ ఇక్కడినుంచి నార్వే పైకొస దాకా, ఆర్కిటిక్ వలయం దాటి పోయి వచ్చాడు. బండికి నార్జె అని పేరు. మరో గదిలో 1955 నాటి ఎనిమిది సిలిండర్ల రేసు ఇంజను. అర లీటరు ఇంజనులో ఎనిమిది సిలిండర్లు! గిన్నెల షాపులో ఫిల్టరు గ్లాసుల వరసలా ఉంది. జూలియో చెజారె కార్కానో గీసినది, 1950ల మధ్యలోనే గంటకు 275 కిలోమీటర్ల దాకా పోయింది. 1957 చివర కంపెనీ గ్రాండ్ ప్రీ రేసుల నుంచి తప్పుకుంది, ఆ ఇంజను అక్కడే ఆగిపోయింది. అదే కార్కానో తర్వాత వీ7కి రెండు సిలిండర్ల ఇంజను గీశాడు. నేను ఎక్కొచ్చిన గ్రీజో ఇంజను దానికి ముని మనవడు. ఎనిమిది సిలిండర్లు గీసినవాడి చేతి నుంచే పొలం మోటారంత నిదానమైన ఈ రెండు సిలిండర్లు రావడం నాకు మంచి వింతగా తోచింది.

ఫ్యాక్టరీలో 1950లో కట్టిన గాలి సొరంగం కూడా ఉంది, నిజం సైజు బండిని, మీద మనిషితో సహా నిలబెట్టి గాలి తోలి చూసేవారు. మేం బయటినుంచే చూశాం. ఇంటాయనకు వీటన్నిటికంటే గొప్ప విషయం ఇంకొకటి. కంపెనీకి పడవ పందేల జట్టు ఉండేది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో నలుగురు తెడ్లు వేసే పోటీలో బంగారు పతకం గెలిచినవాళ్లు ఆ జట్టువాళ్లే. "బండి చేసినవాళ్లు. పడవ వేసినవాళ్లు కూడా వాళ్లే" అని రెండుసార్లు చెప్పారు, నాకు సరిగా అర్థం కాలేదేమోనని.

ఈ కంపెనీ ఎన్ని చేతులు మారిందో చెప్పడం మొదలుపెడితే సాయంత్రమవుతుంది. 1973లో దె తొమాజో, 2000లో అప్రిలియా, 2004లో పియాజ్జో. మన రోడ్ల మీద తిరిగే ఆపే ఆటోలు, బారామతిలో తయారయ్యే వెస్పాలు కూడా ఈ పియాజ్జోవే. కాబట్టి మా వీధి కూరగాయల ఆటో గ్రీజోకి వరసకు ఏదో అవుతుంది. అదే పియాజ్జో గొడుగు కింద అప్రిలియా ట్యూనో కూడా ఉంది, నాలుగు సిలిండర్లు, 160 పైన గుర్రాలు. లెక్కల్లో గ్రీజో దాని ముందు నిలవదు. గ్రీజో యజమానులకు ఈ సంగతి తెలుసు, వాళ్లు పోలిక మొదలవ్వగానే కాఫీ తాగడానికి వెళ్లిపోతారని ఇంటాయన అన్నారు. ఎనిమిది వాల్వుల తొలి ఇంజన్లలో ట్యాపెట్లు అరిగిపోవడం, తర్వాత వాటికి రోలర్లు పెట్టడం గుట్సీ ప్రియులందరికీ కంఠతా వచ్చిన పురాణం. దాన్ని కూడా ఇంట్లో పెద్దాయన మోకాళ్ల నొప్పి గురించి చెప్పినట్టే చెప్పుకుంటారు.

వరెన్నా దాకా మళ్లీ సరస్సు అంచే. అక్కడ బళ్లు ఎక్కించే ఫెర్రీ, పావుగంటలో అవతలి బెల్లాజ్జో. ఫెర్రీ డెక్కు మీద గ్రీజోని స్టాండు వేసి, పక్కనే నిలబడి పట్టుకున్నాను. నీళ్ల మీదుగా వెనక్కి చూస్తే వరెన్నా పైన కొండలో ఎజీనో ఊరికి పోయే దారి. ఎనిమిది వందల మంది కూడా లేని ఊరది. 2016లో ప్రపంచం నలుమూలల వికీపీడియా రాసేవాళ్లంతా వికీమేనియా సమావేశానికి అక్కడికే వెళ్లారు. ఆ మెలికల్లో అన్ని బస్సులెలా ఎక్కాయో!

ఫెర్రీ మీద ఒక జర్మన్ పెద్దాయన వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు. నేను తాళం తిప్పి ఒక్కసారి రైజ్ చేశాను. బండి భుజం ఎగరేసింది. ఆయన చప్పట్లు కొట్టి "బ్రావో" అన్నాడు. ఆ మాట ఆ బండికి అన్ని అర్థాల్లోనూ సరిపోయింది.

బెల్లాజ్జో గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆగలేదు. ఊరి వెనకనుంచి గిజాల్లో కొండ ఎక్కుడు మొదలవుతుంది. సరస్సు మట్టం 198 మీటర్లు, పైన గుడి 754 మీటర్లు, మధ్య పది కిలోమీటర్ల దారి. సైకిల్ పందేలవాళ్లకు ఇది కాశీ. ఎక్కుతున్నవాళ్లు వందల్లో ఉన్నారు, అరవై ఏళ్లవాళ్లూ ఉన్నారు. వాళ్ల వెనక తక్కువ ఆర్‌పీఎమ్ మీద, దాదాపు నడకలా, గ్రీజో సహనంగా పోయింది. ఇంత గూండా పేరు పెట్టుకున్నది ఒక ముసలి సైకిలాయన వెనక అర కిలోమీటరు హారన్ కొట్టకుండా నడిచింది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో లారీ వెనక నా బుల్లెట్ ఇలా నడవమంటే గేరు కోసం ఎన్నిసార్లు గింజుకునేదో! అంత కింద అంత బలం ఉండడమే ఈ ఇంజను అసలు సంపద అని నాకు అక్కడ తెలిసింది. దారి తెరుచుకున్నప్పుడు గేరు మార్చకుండా అలాగే చెయ్యి తిప్పాను. రెండు వంపుల మధ్య ఉన్న ఖాళీ అయిపోయింది. అంతే చెప్పగలను.

పైన చిన్న గుడి. 1949లో పోప్ పయస్ 12 ఈ గిజాల్లో మాతను సైకిలు తొక్కేవాళ్ల పాలకురాలిగా ప్రకటించారు. లోపల గోడల నిండా సైకిళ్లు, పాత ఛాంపియన్లు కొప్పీది, బర్తాలీది. 1995లో టూర్ ద ఫ్రాన్స్‌లో పడి చనిపోయిన ఈ ప్రాంతం కుర్రాడు ఫాబియో కసార్తెల్లీ సైకిలు కూడా, వంగిపోయి. దాని ముందు ఎవరూ మాట్లాడ్డం లేదు. బయటికొచ్చి గ్రీజో ముందు చక్రం వైపు చూశాను. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం గుర్తొచ్చింది. చెబితే ఇంటాయన, తను ఏడాదికోసారి ఇక్కడికి తెచ్చి, ఏమీ అనకుండా, ట్యాంకు మీద గుడి వైపు చెయ్యి పెట్టి వెళ్తానన్నారు. మోటారు సైకిళ్లు ఆ తల్లి లెక్కలోకి వస్తాయో రావో ఆయన అడగలేదట.

దిగుడు అస్సో మీదుగా, అక్కడినుంచి వల్‌బ్రోనా, ఒన్నో, మళ్లీ నీళ్ల అంచు. ఎండ పోయాక ఈ వైపు ఒడ్డు చల్లగా ఉంది. కాళ్లకు తగిలే ఇంజను వేడి, మధ్యాహ్నం విసిగించినది, ఇప్పుడు హాయిగా ఉంది. డెబ్బై కిలోమీటర్లు కూడా తిరగలేదు మేము. నా భుజాలు మాత్రం హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లినట్టున్నాయి.

లెక్కో వంతెన దాటి ఇంటివైపు తిరుగుతామనుకుంటే ఆయన కిందికి, అద్దా నది పక్కకి తిప్పారు. పెస్కరేనికో. పాత జాలరి పేట. రంగు వెలిసిన ఇళ్లు, చిన్న చౌకు, నాలుగు మెట్లు దిగితే నీళ్లు. బళ్లు ఆపాం. ఆ నిశ్శబ్దంలో గ్రీజో సిలిండర్లు చల్లబడుతూ టిక్, టిక్ అంటున్నాయి.

మెట్ల దగ్గర ఒక పాతకాలపు చెక్క పడవ కట్టి ఉంది, పైన గుడ్డ కప్పుకోవడానికి మూడు చెక్క వలయాలతో. "దీన్ని ఏమంటారో తెలుసా?" అన్నారాయన. "లుచియా."

మిగిలిన కథ అక్కడ చెప్పారు. గ్రీజో ఒక రాత్రి ముఠాతో లుచియాను ఎత్తుకుపోవడానికి ఆమె ఇంటికి వెళ్తాడు. ఇల్లు ఖాళీ. ఈ చుట్టుపక్కల ఒడ్డు నుంచే ఆమె పడవలో దాటిపోయింది. అప్పట్నుంచీ ఈ రకం పడవకు ఆ పిల్ల పేరే. తర్వాత మిలాన్‌లోకి ప్లేగు వస్తుంది. దొరకు జబ్బు చేసిందని తెలియగానే గ్రీజో అతన్ని పట్టించి, బట్టలు దులిపి డబ్బులు వెతుక్కుంటాడు. ఆ బట్టల నుంచే వాడికీ అంటుకుంటుంది.

"పోతాడా?" అన్నాను.

"మర్నాడే."

మావాడు ఈ ముక్క తెలుగు చేస్తుండగానే ఫోను మోగింది. మా బావ. వీడియోలో బండి చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూపించాడు మావాడు. "మైలేజీ ఎంతొస్తుందిరా?"

"పదహారు, నాన్నా."

అవతలి నుంచి చాలాసేపు మాట లేదు.

ఈలోగా ఇంటిలోంచి ఒకావిడ గంపతో వచ్చి, మెట్లు దిగి, తాడు విప్పి, పడవ నీళ్లలోకి తోసింది. మేము ముగ్గురం, కట్ట మీద గ్రీజో, చూస్తూ నిలబడ్డాం. తెడ్డు రెండుసార్లు పడేసరికి పడవ నది మధ్యకి వెళ్లిపోయింది.